పట్టూ విడుపూ: ఒక పాత కారు, క్రూజ్ కంట్రోల్ చరిత్ర

అమెరికాలో ఎమ్మెస్ చదివే రోజుల్లో నా దగ్గర 1997 మోడల్ కారొకటి ఉండేది. నా చేతికొచ్చేసరికే లక్షా అరవై వేల మైళ్ళు తిరిగింది. నాకమ్మిన సీనియర్ దాన్ని ఇంకో సీనియర్ దగ్గర కొన్నాడు. మన స్టూడెంట్లలో ఇలాంటి కార్లు పాత టెక్స్ట్‌బుక్కుల్లాగా బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి చేతులు మారుతుంటాయి. కారుతో పాటు దాని జబ్బుల జాబితా కూడా నోటిమాటగా అందుతుంది. నాకందిన జాబితాలో ఏసీ ఉంది, కుడివైపు వెనక అద్దం ఉంది. క్రూజ్ కంట్రోల్ గురించి మాత్రం "సూపరుంటది మామా, సెట్ చేసి కాళ్ళు ముడుచుకుని కూర్చో" అన్నాడు.

ఒక జనవరి ఆదివారం ఇండియానాపొలిస్‌లో ఫ్రెండ్స్‌ని కలిసి కొలంబస్‌కి తిరిగొస్తున్నాను. ఐ-70 మీద సుమారు 175 మైళ్ళ దారి. మధ్యలో రెస్ట్ ఏరియాలో ఆగి, మళ్ళీ రోడ్డెక్కి 65 అందుకున్నాక 'సెట్' బటన్ నొక్కితే ఏమీ జరగలేదు. డ్యాష్‌బోర్డు మీద పచ్చలైటు వెలుగుతోంది, అంటే సిస్టమ్ ఆన్‌లోనే ఉంది. కాలు తీస్తే మాత్రం కారు నీరసించిపోతోంది. నాలుగైదుసార్లు నొక్కి, తిట్టుకుని, కుడికాలిని యాక్సిలరేటర్‌కే అంకితం చేసి ఇల్లు చేరాను. దారిలో వెనకనుంచి ఒక ట్రక్కువాడు రెండుసార్లు హైబీమ్ కొట్టాడు. మరీ మెల్లగా పోతున్నానేమో అనుకుని స్పీడు పెంచాను.

అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ దారిలోనే, ఒహాయో సరిహద్దుకి సుమారు 20 మైళ్ళ ముందు, హైవేకి ఉత్తరాన హేగర్స్‌టౌన్ అనే చిన్న ఊరుంది. నేను నొక్కుతున్న బటన్ కథ మొదలైంది ఆ ఊళ్ళోనే.

*

వేగాన్ని యంత్రానికి అప్పజెప్పాలన్న కోరిక కారు కంటే పాతది. అంతకంటే పాత ఏర్పాటు మన ఎడ్లబండి. సంతనుంచి రాత్రిపూట తిరిగొస్తూ బండివాడు పగ్గం వదిలేసి కునుకు తీస్తే, ఎడ్లు వాటి నడకన అవి ఇంటికి చేర్చేవి. గొయ్యి వస్తే తప్పుకునేవి, ఎదురుగా ఇంకో బండి వస్తే ఆగేవి. నడక ఎంత ఉండాలో, ఎప్పుడు ఆపాలో రెండూ వాటికే తెలుసు. కారు వచ్చాక ఈ రెండు తెలివితేటలూ పోయాయి. వాటిలో మొదటిదాన్ని మాత్రమే తిరిగి తెచ్చుకోవడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది.

యంత్రం తన వేగాన్ని తానే సరిచేసుకునే ఉపాయం ఆవిరి కాలం నాటిది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి ఒక గవర్నర్‌ని తగిలించాడు. నిలువు కడ్డీకి రెండువైపులా వేలాడే రెండు ఇనపగుండ్లు. యంత్రం వేగం పెరిగితే గుండ్లు రంగులరాట్నంలో పిల్లల్లాగా పైకి విచ్చుకుంటాయి. ఆ కదలికే ఆవిరి వచ్చే దారిని కాస్త మూస్తుంది. వేగం తగ్గితే గుండ్లు కిందికి దిగి దారిని తెరుస్తాయి. ఉపాయం వాట్ సొంతం కాదు, గాలిమరల్లో అప్పటికే ఉంది. ఆవిరి యంత్రంతో పాటు అది ఫ్యాక్టరీలన్నిటికీ పాకింది.

పాకాక ఒక జబ్బు బయటపడింది. కొన్ని గవర్నర్లు వేగాన్ని నిలబెట్టడానికి బదులు ఊగిసలాడించేవి. వేగం కొంచెం తగ్గగానే ఆవిరి ఎక్కువ వదలడం, వేగం మితిమీరగానే గబుక్కున మూసేయడం, మళ్ళీ తెరవడం. ఇంజనీర్లు దీన్ని 'హంటింగ్' అంటారు. ఏ గవర్నర్ కుదురుకుంటుంది, ఏది ఊగుతూనే ఉంటుంది అన్నదాన్ని 1868లో లెక్కకట్టి చూపించినవాడు జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్. విద్యుదయస్కాంత సమీకరణాల మాక్స్‌వెలే. గవర్నర్ల మీద ఆయన రాసిన ఆ చిన్న పేపర్‌ని కంట్రోల్ థియరీకి మొదటి మెట్టుగా చెప్తారు. ఇవాళ ఎవరైనా పాత కారు మెకానిక్ దగ్గర "క్రూజ్ పెడితే బండి ముందుకీ వెనక్కీ ఊగుతోందన్నా" అని మొరపెట్టుకుంటే, ఆ మనిషి వర్ణిస్తున్నది మాక్స్‌వెల్ లెక్కకట్టిన ఆ ఊగిసలాటనే. గొట్టంలో గాలి లీకై ఉండొచ్చు, కేబుల్ వదులై ఉండొచ్చు. జబ్బు మాత్రం పాతదే.

1900ల తొలి రోజుల కార్లలో కూడా కొన్నిటికి గవర్నర్లు ఉండేవి. 1910లలో పియర్‌లెస్ లాంటి ఖరీదైన అమెరికన్ కార్లలో కనిపిస్తాయి. కానీ వాట్ యంత్రం గోడల మధ్య ఒకచోట కూర్చుని పనిచేస్తుంది. కారు రోడ్డు మీద, మనుషుల మధ్య తిరుగుతుంది. వేగాన్ని పట్టుకోవడం ఒక్కటే తెలిసిన యంత్రం అక్కడ చాలదు.

*

రాల్ఫ్ టీటర్ 1890లో హేగర్స్‌టౌన్‌లో పుట్టాడు. ఐదేళ్ళ వయసులో వర్క్‌షాప్‌లో ఆడుకుంటుండగా పదునైన పనిముట్టొకటి జారి ఒక కంటికి తగిలింది. ఏడాది తిరిగేలోగా రెండో కన్ను చూపు కూడా పోయింది. వాళ్ళది యంత్రాల కుటుంబం. పట్టాలను తనిఖీ చేసే చిన్న రైలుబళ్ళు తయారుచేసేవాళ్ళు. పిల్లాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టలేదు. పన్నెండేళ్ళ వయసుకి కజిన్‌తో కలిసి సొంతంగా ఒక కారే కట్టాడు. 1912లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధనౌకల టర్బైన్ రోటర్లను సమతూకం చేసే పని పట్టాడు. చూపున్న ఇంజనీర్లకు కొరుకుడు పడని ఆ పనిని చేతిస్పర్శతో చక్కబెట్టాడు. ఎక్కడ బరువు ఎక్కువుందో అదురుని బట్టి వేళ్ళతో పసిగట్టేవాడట.

తర్వాత పిస్టన్ రింగులు తయారుచేసే తమ కంపెనీ పర్ఫెక్ట్ సర్కిల్‌కి ప్రెసిడెంట్ అయ్యాడు. అంతకుముందే, 1936లో, అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సొసైటీకి అధ్యక్షుడిగా పనిచేశాడు. ఇవన్నీ చేసినా ఆయన కారు నడపలేడు కదా. ఎప్పుడూ పక్క సీటే.

పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకే తెలిసే బాధ ఒకటుంది. టీటర్ లాయర్ హారీ లిండ్సే ఒక పద్ధతిలో కారు నడిపేవాడట. తను మాట్లాడుతున్నప్పుడు కారు నెమ్మదించేది, ఎదుటివాడి మాట వింటున్నప్పుడు వేగం పెరిగేది. చూపున్నవాడైతే కిటికీలోంచి చూస్తూ సర్దుకుపోయేవాడేమో. టీటర్‌కి ఆ ప్రయాణమంతా శరీరం మీదే జరిగేది. ప్రతి కుదుపూ వీపుకీ, మెడకీ తెలిసేది. టర్బైన్ అదురుని వేళ్ళతో చదివిన మనిషికి లాయర్ కుడికాలు ఓ లెక్కా? దానికి తోడు రెండో ప్రపంచయుద్ధంలో టైర్లూ పెట్రోలూ పొదుపు చేయడానికి దేశమంతా గంటకు 35 మైళ్ళ పరిమితి పెట్టారు. వేగాన్ని ఒకచోట నిలపడం ఎలా అన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది.

*

టీటర్ 1948లో దరఖాస్తు చేసిన పేటెంటు 1950 ఆగస్టులో వచ్చింది. దాని పేరుని తెలుగులో చెప్పుకుంటే 'యాక్సిలరేటర్ నొక్కడాన్ని ప్రతిఘటించే వేగ నియంత్రణ పరికరం'. ఆ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వేగాన్ని 'నిలిపి ఉంచే' పరికరమని లేదు, 'ప్రతిఘటించే' పరికరమని ఉంది. టీటర్ మొదట తయారుచేసింది మీ కాలిని ఎదురునెట్టే యంత్రం. వాట్ గవర్నర్ లాంటిదే లోపల తిరుగుతుంటుంది. మీరు పెట్టుకున్న వేగం రాగానే పెడల్ గట్టిపడి పాదాన్ని వెనక్కి నెడుతుంది. అవసరమైతే మీరు ఇంకా గట్టిగా తొక్కి దాటిపోవచ్చు. కాలు తీస్తే కారు నెమ్మదిస్తుంది. అంటే కాలు పెడల్ మీదే ఉండాలి, కారు మీ చేతిలోనే ఉంటుంది.

జనానికి అది చాలలేదు. కాలు పూర్తిగా తీసేయగలిగేది కావాలన్నారు. టీటర్ ఆ తర్వాత వేగాన్ని లాక్ చేసే ఏర్పాటు జోడించాడు. దానితోపాటు ఇవాళ మనం పట్టించుకోకుండా వాడుకునేది ఒకటి వచ్చింది: బ్రేకు మీద కాలు ఆనించగానే అన్నీ వదిలేయడం. పట్టు ఇచ్చినప్పుడే విడుపూ ఇవ్వాల్సొచ్చింది. కంట్రోల్‌మాటిక్, టచోమాటిక్, ప్రెసోమాటిక్ అంటూ పేర్లు వెతికి, చివరికి స్పీడోస్టాట్ దగ్గర ఆగారు.

1958లో క్రైస్లర్ తన ఇంపీరియల్, న్యూయార్కర్, విండ్సర్ మోడళ్ళలో దీన్ని అమ్మకానికి పెట్టింది. పెట్టిన పేరు 'ఆటో-పైలట్'. మరుసటి ఏడాది క్యాడిలాక్ పెట్టిన 'క్రూజ్ కంట్రోల్' అన్న పేరే నిలిచిపోయింది. రెండోది నిలవడం మన అదృష్టం. మొదటి పేరు యంత్రానికి లేని కళ్ళను ఉన్నట్టు చెప్తుంది. మోటార్‌హోమ్‌లో క్రూజ్ పెట్టి, కాఫీ కలుపుకోవడానికి వెనక్కి వెళ్ళిన పెద్దమనిషి కథ అమెరికాలో దశాబ్దాలుగా తిరుగుతోంది. అది పుకారే. కానీ జనం దాన్ని అంత తేలిగ్గా నమ్మడంలో ఒక నిజముంది. అరవై ఏళ్ళు దాటాక టెస్లా తన ఆటోపైలట్ విషయంలో, డ్రైవర్ రోడ్డు మీద దృష్టి పెట్టేలా చూసే ఏర్పాటు చాలడం లేదన్న కారణంతో 2023 డిసెంబరులో అమెరికాలో సుమారు 20 లక్షల కార్లకు రీకాల్ ప్రకటించాల్సొచ్చింది.

1973 చమురు సంక్షోభం, ఆ వెంటనే వచ్చిన 55 మైళ్ళ జాతీయ పరిమితి క్రూజ్ కంట్రోల్‌ని మధ్యతరగతి కార్లలోకి తెచ్చాయి. ఈలోగా ఇనపగుండ్ల స్థానంలోకి ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. 1968లో డేనియల్ విస్నర్ రూపొందించిన ఎలక్ట్రానిక్ క్రూజ్ కంట్రోల్‌కి 1971లో పేటెంటు వచ్చింది. టీటర్ 1982లో చనిపోయేనాటికి ఇంజన్ మీద ఆయన గవర్నర్ స్థానంలో చిన్న డబ్బా ఒకటి కూర్చుంది.

*

నా కారులో ఉన్నది ఆ డబ్బా కాలం నాటి సిస్టమే. మామూలుగా చెప్తే అది ఇలా పనిచేస్తుంది. ఇంజన్ గాలి పీల్చుకునేటప్పుడు పుట్టే వాక్యూమ్ ఒక సన్నటి రబ్బరు గొట్టంలోంచి గిన్నెలాంటి డబ్బాలోకి వెళ్తుంది. లోపలున్న రబ్బరు పొర ముడుచుకుని ఒక కేబుల్‌ని లాగుతుంది, ఆ కేబుల్ త్రాటిల్‌ని తెరిచి ఉంచుతుంది. కంట్రోల్ యూనిట్ వేగాన్ని గమనిస్తూ రెండు చిన్న వాల్వులతో వాక్యూమ్‌ని కాస్త ఎక్కువ, కాస్త తక్కువ చేస్తుంటుంది. పట్టుకోవడమంటే ఇంతే.

విడుపు సంగతి చూడండి. బయటి గాలిని లోపలికి వదిలే వాల్వుని కరెంటు లేనప్పుడు తెరుచుకుని ఉండేలా కట్టారు. ఫ్యూజు పోయినా, వైరు తెగినా గాలి దూరి కేబుల్ వదులవుతుంది. బ్రేకు తొక్కితే ఒక స్విచ్చు కంట్రోల్ యూనిట్‌కి కబురు పంపుతుంది. ఆ యూనిట్ మొద్దుబారిపోయి వినకపోయినా అదే స్విచ్చు వాల్వులకు కరెంటు కట్ చేస్తుంది. గేరు న్యూట్రల్‌లోకి వెళ్తే వదులుతుంది. వేగం దాదాపు 25 మైళ్ళ కంటే తక్కువుంటే అసలు పట్టుకోదు. కొన్ని పాత కార్లలో బ్రేకు పెడల్ దగ్గరే ఇంకో గాలివాల్వు ఉంటుంది, ఎలక్ట్రానిక్స్‌తో సంబంధం లేకుండా నేరుగా వాక్యూమ్‌ని వదిలేయడానికి.

రోజూ కోడ్ రాసేవాడికి ఇది పరిచయమైన దృశ్యమే. అనుకున్న పని చేసే కోడ్ నాలుగు లైన్లుంటే, ఏదైనా తేడా వస్తే మర్యాదగా తప్పుకునే కోడ్ నలభై లైన్లుంటుంది. డెమోలో చూపించేది నాలుగు లైన్లనే. అందుకే పాత కారులో క్రూజ్ పట్టుకోకపోతే ముందు అడగాల్సింది 'ఇది ఎందుకు చెడిపోయింది' అని కాదు, 'వద్దని చెప్తున్నదెవరు' అని.

అయితే విడుపు కోసం పెట్టిందే ప్రాణం మీదికి తెచ్చిన సందర్భం కూడా చరిత్రలో ఉంది. 1990ల ఫోర్డ్ కార్లలో చాలావాటికి బ్రేకు ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసే అదనపు స్విచ్చొకటి ఉండేది. మామూలు బ్రేకు స్విచ్చు విఫలమైనా, డ్రైవర్ గట్టిగా తొక్కితే ఇది క్రూజ్‌ని తెంచేయాలి. మంచి ఆలోచన. ఆ స్విచ్చులో ఒక పక్క బ్రేకు ఫ్లూయిడ్, ఇంకో పక్క కరెంటు, రెంటికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్. ఏళ్ళ తరబడి తొక్కిన తొక్కుళ్ళకి ఆ ఫిల్మ్ చిరిగి ఫ్లూయిడ్ కరెంటు వైపుకి కారేది. చాలా మోడళ్ళలో ఆ స్విచ్చుకి బ్యాటరీ నుంచి కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉండేది, తాళం తీసేసి జేబులో వేసుకున్నాక కూడా. కారు ఆపి, ఇంజన్ కట్టేసి, అందరూ పడుకున్నాక గ్యారేజీలో మంటలు లేచేవి. ఇళ్ళకూ అంటుకున్నాయి. 1999లో మొదలై 2009 దాకా విడతలు విడతలుగా రీకాల్ చేసిన బళ్ళు ఒక కోటీ నలభై లక్షలు దాటాయి. చాలావాటికి చేసిన చికిత్స ఏమిటంటే, ఆ దారిలో ఫ్యూజున్న చిన్న వైరు ముక్కొకటి కలపడం.

తెంచడానికి పెట్టిన స్విచ్చు తనే కరెంటుని పట్టుకుని కూర్చుంది. క్రూజ్ వాడుతున్నప్పుడు తప్ప దానికి ఆ కరెంటుతో పనేమీ లేదు. 'ఎప్పుడు వదలాలి' అన్న ప్రశ్నని డిజైనర్లు క్రూజ్‌కి వేశారు కానీ, ఆ స్విచ్చుకి వేయలేదు.

*

మళ్ళీ నా కారు దగ్గరికి వద్దాం. సోమవారం పొద్దున చూస్తే బ్యాటరీ చచ్చిపోయింది. జనవరి చలి కదా అనుకుని ఫ్రెండ్ కారుతో జంప్‌స్టార్ట్ చేశాను. మంగళవారం మళ్ళీ అదే వరస. బ్యాటరీ ఒక జబ్బు, క్రూజ్ ఇంకో జబ్బు అని మనసులో రెండు టికెట్లు ఓపెన్ చేసుకున్నాను.

ఆ సాయంత్రం క్రూజ్ సంగతి వరసగా చూడటం మొదలుపెట్టాను. పచ్చలైటు వెలుగుతోంది, కాబట్టి ఫ్యూజు బాగుంది. హారన్ మోగుతోంది, కాబట్టి స్టీరింగ్‌లోంచి వైర్లను తెచ్చే రీలు బాగానే ఉండాలి. స్పీడోమీటర్ సరిగ్గా చూపిస్తోంది, కాబట్టి స్పీడ్ సెన్సర్ పనిచేస్తోంది. వాక్యూమ్ గొట్టం కొద్దిగా లీకైతే మామూలుగా పట్టుకుని జారిపోతుంది. ఇక మిగిలింది వద్దని చెప్పేవాళ్ళు. మొదటి అనుమానం బ్రేకు స్విచ్చు మీద. రూమ్మేట్‌ని వెనక నిలబెట్టాను.

"తొక్కు," అన్నాడు. తొక్కాను.

"వెలుగుతున్నాయి. వదిలెయ్."

వదిలేశాను.

"వదలరా."

"వదిలేశాను రా."

"మరి లైట్లు వెలుగుతూనే ఉన్నాయేంది?"

కిందికి వంగి టార్చి వేసి చూశాను. బ్రేకు పెడల్ పైభాగంలో చిన్న కన్నముంటుంది. దానిలో చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ బిళ్ళ ఉండాలి. కాలు తీసినప్పుడు ఆ బిళ్ళ వెళ్ళి స్విచ్చుని నొక్కితేనే 'బ్రేకు వదిలారు' అని కారుకి తెలుస్తుంది. పదిహేనేళ్ళు దాటిన ప్లాస్టిక్, ఎండకి ఎండి చలికి బిరుసెక్కి రాలిపోయింది. స్విచ్చు మొన కన్నంలోంచి అవతలికి పొడుచుకొచ్చింది. కారు దృష్టిలో నేను ఆదివారం నుంచి బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. పార్కింగ్‌లో కారు వెనక భాగం గోడవైపు ఉండటంతో రాత్రంతా వెలిగిన లైట్లు ఎవరికీ కనపడలేదు. పొద్దున బ్యాటరీకి మాత్రం తెలిసేది. ఆ బిళ్ళ తాలూకు తునకలు ఫ్లోర్‌మ్యాట్ మీద ఉంటే సోమవారమే ఏదో చెత్త అని దులిపేశాను. కొత్త బిళ్ళకి రెండు డాలర్లు కూడా కాలేదు. వేలితో నొక్కితే కన్నంలో కూర్చుంది. రెండు టికెట్లూ ఒకేసారి క్లోజ్ అయ్యాయి.

తర్వాత వెన్ను జలదరించింది. ఆదివారం రెస్ట్ ఏరియా నుంచి ఇంటిదాకా హైవే మీద, ఎర్రలైట్లు వెలిగించుకునే వచ్చాను. నిజంగా బ్రేకు వేసిన ప్రతిసారీ వెనకవాడికి తెలిసే దారే లేదు. ఎప్పుడూ వెలిగే లైటు ఏమీ చెప్పదు కదా. ట్రక్కువాడు హైబీమ్ కొట్టి చెప్పబోయాడు, నాకు అర్థం కాలేదు. స్పీడోమీటర్‌కి తెలియదు, ఆ పచ్చలైటుకి తెలియదు, డ్రైవర్‌కి అసలే తెలియదు. మొత్తం కారులో విషయం పసిగట్టి నాకు చెప్పగలిగింది క్రూజ్ ఒక్కటే. బ్రేకు మీద కాలుందని స్విచ్చు చెప్తున్నంతసేపూ, నేను ఎన్నిసార్లు నొక్కినా, పట్టుకోనని మొండికేసింది. నేను దాన్ని చెడిపోయిందనుకున్నాను. ఆ రోజు సరిగ్గా పనిచేసింది అదే.

ఇప్పటి కార్లలో గిన్నె లేదు, కేబుల్ లేదు, త్రాటిల్‌ని మోటార్ తిప్పుతుంది. క్రూజ్ అంటే ఇంకెక్కడో ఉన్న కంప్యూటర్‌లో కొన్ని వందల లైన్ల కోడ్. ముందు కారుని చూసి తనే నెమ్మదిస్తుంది, అంటే ఎడ్ల రెండో తెలివిలో కూడా కొంత తిరిగొచ్చింది. బ్రేకు పెడల్ దగ్గర స్విచ్చు మాత్రం ఇంకా ఉంది. కొలంబస్ వదిలేలోపు ఇండియానాపొలిస్‌కి ఇంకో మూడునాలుగుసార్లు వెళ్ళాను. ప్రతిసారీ హేగర్స్‌టౌన్ బోర్డు పక్కనుంచే, క్రూజ్ 65 మీద పెట్టుకుని, ఒక్కసారీ దిగి చూడకుండా వెళ్ళిపోయాను. బయల్దేరేముందు మాత్రం కారు వెనక్కి వెళ్ళి లైట్లు ఆరి ఉన్నాయో లేదో చూసుకునేవాణ్ణి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.